పిల్లాపాపలతో కళింగపట్నం సముద్రానికి వెళ్ళాలంటే

కనుమ వెళ్ళిన మర్నాటి నుంచి మా ఇంట్లో ఒకటే గోల: "బాబాయ్, సముద్రానికి ఎప్పుడు?" హైదరాబాదు నుంచి దిగిన అన్నయ్య పిల్లలు, వాళ్ళ వెనక వదిన, ఆ వెనక మోకాళ్ళ నొప్పులతో అమ్మ. మాది శ్రీకాకుళం టౌను. ఈ మందనంతా కళింగపట్నం తీసుకెళ్ళి, ఒక్కరు కూడా తగ్గకుండా వెనక్కి తెచ్చే పూచీ నాదే.

మొదట్లో మేం చేసిన తప్పు ఒకటే. మా వీలు చూసుకుని వెళ్ళేవాళ్ళం. ఇడ్లీలు తిని, ఫ్లాస్కులు నింపుకుని, తొమ్మిది దాటాక బయల్దేరితే పదిన్నరకి కాలిపోయే ఇసుకలో దిగేవాళ్ళం. వలలు అప్పటికే ఆరేసి ఉండేవి, చేపలు అమ్ముడైపోయేవి, పిల్లలు అరగంటకే మొహాలు ఎర్రగా చేసుకుని ఏసీ కారెక్కేవాళ్ళు. సముద్రానికి దాని వేళలు దానికున్నాయి. ఈ కింద రాసిన ఏర్పాటంతా ఆ వేళల చుట్టూ అల్లినదే. రెండు రాత్రులు, రెండు తెల్లవారుజాములు చేతిలో ఉంటే చాలు.

ముందు తీరం తేల్చుకోండి

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అందులో కుటుంబంతో వెళ్ళడానికి జనం ఎక్కువగా చెప్పేవి రెండు, కళింగపట్నం, బారువ. బారువ సోంపేట వైపు, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు. కొబ్బరితోటలతో చాలా అందంగా ఉంటుంది. కానీ శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు దాటుతుంది. చిన్నపిల్లలతో పొద్దున్నే వెళ్ళి రాత్రికి తిరిగి రావడం నా దృష్టిలో శిక్షే. పలాసలోనో సోంపేటలోనో బంధువులుంటే అది వేరే సంగతి. విజయనగరం వాళ్ళకైతే పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరం దగ్గర.

నేను కళింగపట్నమే చెబుతాను. టౌను నుంచి సుమారు 30 కిలోమీటర్లు. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే. బ్రిటిషువాళ్ళ కాలంలో ఓడలు ఆగిన రేవు ఇది. రేవు పోయింది, పేరు మాత్రం రేడియోలో మిగిలింది. తుపాను పట్టినప్పుడల్లా "కళింగపట్నం, భీమునిపట్నం" అంటూ ఓడరేవులకు ప్రమాద హెచ్చరికల నంబర్లు చదివేవారు గుర్తుందా, ఆ కళింగపట్నమే. ఇంకో లాభం, ఎండవేళ చూడదగ్గ శాలిహుండం, శ్రీకూర్మం కూడా ఇదే గార మండలంలో ఉన్నాయి. మధ్యాహ్నం ఏం చెయ్యాలన్న దిగులుండదు.

నెల సంగతి

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చలి అంటే చలి కాదు, తెల్లవారుజామున పల్చని స్వెటరు సరిపోతుంది.

అక్టోబరు మాత్రం నమ్మకండి. దసరా సెలవులున్నాయి కదా అని చాలామంది అప్పుడే టికెట్లు కొంటారు. 2014లో హుద్‌హుద్ తుపాను తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. తిత్లీ దెబ్బకు మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో నేలకూలిన కొబ్బరిచెట్లను చూసినవాళ్ళెవరూ ఆ నెలలో సముద్రం ఒడ్డుకు పిల్లల్ని తీసుకెళ్ళాలనుకోరు. తప్పదనుకుంటే వెనక్కి తిప్పుకోగలిగిన టికెట్లు కొనండి, వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ చూడండి.

వేసవి సెలవుల్లో వచ్చేవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. అప్పుడు ఒడ్డున సందడి ఉండదు, పెద్ద చేప దొరకడం కష్టం. సముద్రం ఒడ్డుకొచ్చి ఐసులో పెట్టిన చెరువు చేప తినాల్సి వస్తుంది.

బస, బండి

రైలులో వచ్చేవాళ్ళు దిగాల్సిన స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. ఆ "రోడ్" అన్న మాటను చాలామంది పట్టించుకోరు. స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి టౌనుకు 13 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. అర్ధరాత్రి దిగే రైలైతే ముందే బండి మాట్లాడుకోండి. విమానమైతే విశాఖపట్నంలో దిగి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు రావాలి.

బస టౌనులోనే పెట్టుకోండి. సముద్రం ఎదురుగా గది కావాలన్న కోరిక నాకూ ఉండేది. పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి మందుల షాపు, డాక్టరు, వేడి పాలు ఎక్కడున్నాయన్నదే ముఖ్యమని తెలిశాక ఆ కోరిక పోయింది. గది తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. తెల్లవారుజామున నాలుగింటికి గేటు తీస్తారా? బాత్రూములో వేడినీళ్ళు ఉంటాయా? తడిబట్టలు ఆరేసుకోవడానికి డాబా మీద తాడు ఉందా? ఒకసారి మా బంధువులకు ఒక లాడ్జిలో ఫోన్లో "మీ గది మీకే" అని చెప్పి, తీరా వెళ్ళేసరికి పెళ్ళివాళ్ళకు ఇచ్చేశారు. మాఘమాసంలో ముహూర్తాలు ఎక్కువ. బుకింగు నోటిమాటతో వదలకుండా మెసేజీ పెట్టించుకోండి.

టౌను నుంచి పల్లెవెలుగు బస్సులు ఉన్నా, తెల్లవారుజాము ప్రయాణానికి అవి కుదరవు. ముందురోజు సాయంత్రమే ఆటోగానీ కారుగానీ మాట్లాడి, వెయిటింగు చార్జీతో కలిపి ధర తేల్చుకోండి. ఆటో అతను ఆ తీరం ఊళ్ళవాడైతే మీ అదృష్టం. వలలు ఎక్కడ లాగుతున్నారో, ఎవరింట్లో చేపలు వండి పెడతారో అతనికి తెలుస్తుంది.

సంచిలో ఏముండాలి

అందరూ తీసుకెళ్ళేవి నేను చెప్పక్కర్లేదు. మర్చిపోయేవి చెబుతాను.

ఒక టాల్కం పౌడరు డబ్బా. తడి కాళ్ళకు అంటుకున్న ఇసుక నీళ్ళతో ఒక పట్టాన పోదు. పొడిగుడ్డతో తుడిచి పౌడరు చల్లి దులిపితే జలజలా రాలిపోతుంది. పాత నైటీలు రెండు, ఆడవాళ్ళు తడిబట్టలు మార్చుకోవడానికి మీద నుంచి వేసుకుంటే గుడారంలా పనిచేస్తాయి. మడత కుర్చీ ఒకటి, పెద్దవాళ్ళకు. మెత్తటి ఇసుకలో వంద అడుగులు నడిస్తే మా అమ్మ మోకాళ్ళు వారం రోజులు మాట్లాడతాయి. ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను ఒకటి, అందులో సగం తాగడానికి కాదు, పిల్లల ఒళ్ళు కడగడానికి. చెప్పులు అందరికీ. సరుగుడు తోటల నీడ చల్లగా ఉంటుంది గానీ, రాలిన సరుగుడు కాయలు ఉత్తికాళ్ళకు పల్లేరుకాయల్లా గుచ్చుకుంటాయి.

ఇంకోటి, ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తాను. ఒడ్డున మరుగుదొడ్డి ఉంటుందని, ఉన్నా తాళం తీసి ఉంటుందని నమ్మకండి. లాడ్జిలో బయల్దేరే ముందు అందరినీ పంపించండి, పెట్రోలు బంకు కనబడితే అక్కడ ఆపండి. ఇంట్లో ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా మూడు గంటలు బిగబట్టుకు కూర్చుంటే దాన్ని విహారం అనరు.

మొదటి సాయంత్రం

రైలు దిగిన రోజు సముద్రం జోలికి వెళ్ళకండి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. టౌనుకు ఆనుకునే ఉన్న అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్ళిరండి. ఏటా మార్చిలోను అక్టోబరులోను కొద్ది రోజులు ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే గుడి అది. ఆదివారమైతే మాత్రం క్యూ చాంతాడంత ఉంటుంది. తొందరగా తిని పడుకోండి. అలారం మూడున్నరకి.

తెల్లవారుజాము ఒడ్డున

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. జనవరిలో ఆరుంబావు దాటాక, మే నెలలో ఐదున్నరలోపే. దానికి అరగంట ముందు ఇసుక మీద ఉండాలి. ఆ అరగంటే అసలుది. ఆకాశం బూడిదరంగు నుంచి పసుపుకు తిరిగేటప్పుడు, దూరాన రాత్రి వేటకు వెళ్ళిన పడవలు చుక్కల్లా కనబడి, నెమ్మదిగా పెద్దవవుతూ వస్తాయి. పిల్లలకు ఒక పందెం పెట్టండి. ఏ పడవ ముందొస్తుంది? అప్పుడు నిద్రమత్తు దానంతట అదే వదులుతుంది.

అదృష్టం ఉంటే అలివి వల లాగడం చూస్తారు. పొడవాటి వలను పడవలో తీసుకెళ్ళి అర్ధచంద్రాకారంలో సముద్రంలో పరిచి, రెండు కొసల తాళ్ళనూ ఒడ్డు నుంచి రెండు జట్లుగా లాగుతారు. గంట పైనే పడుతుంది. దూరంగా నిలబడి చూడండి, తాడు మీద నుంచి దాటకండి. పిల్లలు చెయ్యి వేస్తామంటే ముందు అడగండి. అడిగితే కాదన్నవాళ్ళు నాకు తగల్లేదు. "రా గుంటడా, నువ్వో పట్టు పట్టు" అని మా చిన్నాడిని వరసలో నిలబెట్టారు ఒకసారి. వాడి అరచేతులు కమిలిపోయాయి, ఆ సంగతి ఏడాదంతా స్కూల్లో చెప్పుకున్నాడు. ఫొటోలు తీసే ముందు కూడా అడగండి. వాళ్ళు పనిలో ఉన్నారు, అది వాళ్ళ ఆఫీసు.

జనవరి నుంచి మార్చి దాకా అయితే ఇసుకలో ట్రాక్టరు టైరు జాడలాంటిది నీళ్ళలోంచి పైకి వచ్చి మళ్ళీ నీళ్ళలోకి పోవడం కనబడొచ్చు. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిన గుర్తు అది. ఆ చుట్టుపక్కల తవ్వకండి, పిల్లల్ని గంతులెయ్యనివ్వకండి. పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది.

నీళ్ళలో దిగడం

ఇది నింపాదిగా చదవండి.

బంగాళాఖాతం ఈత కొలను కాదు. ఇక్కడ నేల చాలాచోట్ల ఒక్కసారిగా లోతెక్కుతుంది. మోకాలి లోతులో ఉన్నవాడు రెండడుగులు వేస్తే నడుము దాటుతుంది. ఏటిమొగ దగ్గర, అంటే వంశధార కలిసే చోట, చూడ్డానికి నీళ్ళు పల్చగా, అలలు లేకుండా ఉంటాయి. అదే అన్నిటికంటే ప్రమాదం. ఆటు మొదలయ్యాక నది నీళ్ళూ సముద్రపు నీళ్ళూ కలిసి లోపలికి లాగుతాయి. ఇసుక మేటలు కూడా ఏడాదికో చోటికి జరుగుతాయి. పోయినేడు బాగుంది కదా అని ఈ ఏడు దిగకూడదు.

మామూలు ఒడ్డున కూడా ఒక మోసం ఉంది. అలలు తెచ్చిపోసిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా, అవి ఒక సన్నని కాలువలా ఒకేచోట నుంచి జోరుగా పోతాయి. అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా నురగ కనబడుతుంటే, మధ్యలో ఆ కొద్ది మేర మాత్రం అలలు విరగకుండా, నీళ్ళు కాస్త ముదురు రంగులో నిమ్మళంగా ఉంటాయి. పిల్లలతో వచ్చిన తండ్రులు వెతికి వెతికి అక్కడే దించుతారు. నేనూ దించబోయాను. వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి వచ్చి, "అటేపు దిగొద్దు బావూ, నీరు లాగేస్తాది" అన్నాడు. అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. దిగే ముందు అక్కడి బెస్తవాళ్ళలో ఒకరిని అడుగుతాను, "అయ్యా, పిల్లలు తడవాలంటే ఏ వైపు మంచిది?" అని. వాళ్ళు చూపించిన చోటే దిగుతాం. ఎవరూ లేకపోతే దిగం.

అడిగాక కూడా కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి మా ఇంట్లో. పిల్లలకు మోకాలి లోతు, పెద్దలకు తొడల లోతు. ఒక్కో పిల్లకీ ఒక్కో పెద్ద, పేరు పెట్టి అప్పగిస్తాం. "అందరూ చూస్తున్నాంలే" అంటే ఎవరూ చూడటం లేదనే అర్థం. ఒక మనిషి పొడిబట్టలతో ఒడ్డునే ఉండి తలలు లెక్కపెడుతూ ఉండాలి, అతని చేతిలో ఫోను ఉండాలి గానీ కళ్ళు ఫోనులో ఉండకూడదు. చీరతో నీళ్ళలోకి వద్దు. తడిసిన ఆరు గజాలు కాళ్ళకు చుట్టుకుంటే చిన్న అలకే పడిపోతారు. మందు తాగినవాడు బావగారైనా సరే, ఒడ్డునే కూర్చోవాలి.

ఎవరైనా లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఆయాసంతో మునిగేది అందుకే. వెల్లకిలా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఆ కాలువ వెడల్పు తక్కువే, దాటాక అలలే వెనక్కి తెస్తాయి. చూస్తున్నవాళ్ళు వెంట దూకకూడదు. తాడో, ఖాళీ క్యానో, ట్యూబో విసిరి, కేక వేసి బెస్తవాళ్ళను పిలవాలి. 112కి గానీ 108కి గానీ ఫోను చెయ్యాలి. ఈ సంగతి బయల్దేరే ముందు రాత్రి గదిలో పిల్లలకు ఒకసారి చెప్పండి. ఒడ్డుకు వెళ్ళాక చెబితే వినరు.

పోటు వేళలు కూడా చూసుకోండి. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, మర్నాడు అది సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమి, అమావాస్యలప్పుడు జోరు ఎక్కువ. ఆ రోజుల్లో మేం కాళ్ళు తడుపుకుని ఊరుకుంటాం. జెల్లీఫిష్ తగిలి దురద పుడితే రుద్దకుండా సముద్రపు నీళ్ళతోనే కడగండి. ఊపిరి ఆడకపోయినా మొహం వాచినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

ఎనిమిదిన్నరకి బయటికి. బతిమాలినా బయటికే.

చేప కొనడం, వండించుకోవడం

పడవలు వచ్చాక ఒడ్డునే వేలంపాట జరుగుతుంది. పెద్ద చేపలు వ్యాపారులు పాడుకుంటారు. మనలాంటి వాళ్ళం గంపలతో కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. "అమ్మా" అనో "అక్కా" అనో పిలిచి మాట కలపండి. మొదటి ధర విని నోరెళ్ళబెట్టకండి, మరీ సగానికి అడిగి చిన్నబుచ్చనూ వద్దు.

కళ్ళు మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. వాసన సముద్రపు వాసనే ఉండాలి. వంజరం, చందువ అందరూ అడుగుతారు, అందుకే వాటి ధర చుక్కల్లో ఉంటుంది. నా మాట విని కానాగంతలు కొనండి, పులుసుకు వాటిని మించినవి లేవు. పిల్లలకు నెత్తళ్ళ వేపుడు చేయించండి. ముళ్ళతో సహా నమిలేయొచ్చు కాబట్టి గొంతులో ముల్లు గుచ్చుకుంటుందన్న టెన్షన్ ఉండదు. పీతలు కొంటే బతికున్నవే కొనండి.

వండించే మాట ముందురోజే అయిపోవాలి. ఆటో అతని ఇంట్లోనో, చిన్న మెస్సులోనో, చేపలు మనవి, ఉప్పూకారం నూనె వాళ్ళవి, వంటకు ఇంత అని. కారం తగ్గించమని పిల్లల పేరు చెప్పి అడగండి. అప్పటికీ కళ్ళల్లో నీళ్ళు వస్తాయి, పక్కన పెరుగు పెట్టుకోండి. సాయంత్రానికి కాస్త పులుసు మిగిల్చి గదికి తెచ్చుకునేవాళ్ళు తెలివైనవాళ్ళు. ముక్క పులుసులో ఊరాక వచ్చే రుచి పొయ్యి మీద నుంచి దించినప్పుడు ఉండదు.

ఎండవేళ

మొదటిరోజు శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, ఇటుక కట్టడాల శిథిలాలు ఉన్నాయి. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. మనం ఇలా మాట్లాడే భాషలో రాసుకుంటున్నామంటే ఆయన పోరాటమే కారణం కదా, ఆ ముక్క పిల్లలకు అక్కడే చెప్పండి. పై నుంచి నది, దూరంగా సముద్రం కనబడతాయి. కానీ నీడ తక్కువ. సముద్రం దగ్గర నుంచి నేరుగా తొమ్మిదింటికి వెళ్ళి పదిన్నరకల్లా దిగిపోండి. ఆకలి తీర్చడానికి ఇంటి నుంచి పులిహోర ఉండాలి.

రెండోరోజు శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం గోడల మీద పాత చిత్రాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు. ముందురోజు ఇసుకలో తాబేలు జాడ చూసిన పిల్లలకు ఇక్కడ వంద ప్రశ్నలు పుడతాయి. ఇసుక బట్టలతో గుడికి వెళ్ళలేరు కాబట్టి మార్చుకునే జత బండిలో ఉండాలి.

పన్నెండు నుంచి మూడున్నర దాకా నిద్ర. పెద్దవాళ్ళు ఒప్పుకోరు, "ఇంత దూరం వచ్చి పడుకోవడమేంటి" అంటారు. ఫ్యాను కింద చాప పరిస్తే పావుగంటలో గురక.

సాయంత్రం మళ్ళీ ఒడ్డుకే, ఈసారి నీళ్ళ కోసం కాదు, గాలి కోసం. లైట్‌హౌసు దగ్గర ఎక్కనిచ్చే వేళలు కనుక్కోండి. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, గాలిపటం, మడత కుర్చీలో అమ్మ. చీకటి పడే లోపు బండి ఎక్కండి. కారైతే రోడ్డు మీదే ఆపండి. ఇసుకలోకి దించి ఇరుక్కుపోయి, వల లాగే జట్టుతో కారు లాగించుకున్న ఘనత మా అన్నయ్యది.

తిరుగు ప్రయాణం

పలాస జీడిపప్పు టౌనులోనే దొరుకుతుంది. వీలైతే పొందూరు వెళ్ళి ఖద్దరు పంచె ఒకటి కొనండి, నాన్నకో మావగారికో. ఎండుచేపలు కొనేవాళ్ళు ముందు పాత పేపర్లలో చుట్టి, ఆపైన రెండు కవర్లు వేసి, మూతి బిగించి, చివరికి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టాలి. మా వదిన ఒకసారి ఒక్క కవరుతో సరిపెట్టింది. రైలు విశాఖపట్నం దాటేలోపే బోగీలో సగంమంది మా వైపు తిరిగి చూశారు, ఎదురు బెర్తు మామ్మగారు మాత్రం "నెత్తళ్ళేనా అమ్మా, ఎంతకిచ్చారు?" అని అడిగింది.